క్లౌ దొర చరిత్రము: శ్రీశైలము త్రోవ పల్లెలలో క్రీస్తు బోధ

తూర్పుదేశమునుండి శ్రీశైలమునకు పోవు యాత్రికులు పూర్వము మార్కాపురము మీదుగా దోర్నాల చేరి, అచ్చట నల్లమల యడవిలో ప్రవేశించి, కొండల నెక్కి దిగి మల్లికార్జునుని సన్నిధికి పోవుచుండిరి. మార్కాపురము, కంభము తాలూకాలు 1970వ సంవత్సరమున ఒంగోలు జిల్లా యేర్పడువరకు, శ్రీశైలమువలెనే కర్నూలు జిల్లాలోనివి. ఈ త్రోవ కిరుప్రక్కల నున్న పల్లెలలోను, వానికి తూర్పున ఒంగోలు వరకు గల మెట్టసీమలోను, నూటయేబది సంవత్సరముల క్రిందట నొక గొప్ప కదలిక పుట్టెను. దానితో పేరు ముడివడిన జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికా దేశీయుని చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా చెప్పబూనినాము.

క్రైస్తవ బోధకుని చరిత్రము చెప్పబోవుచు శైవక్షేత్రమును ముందుగా పేర్కొనుటకు కారణము కలదు. జాతిభేదము భక్తులలో లేదను మాట ఈ కొండకు క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమునందలి వీరశైవులు దానిని గట్టిగా చెప్పిరి. అక్కమహాదేవి కడపటి దినములు గడపినది శ్రీశైలమునందలి కదళీవనముననే యని ప్రతీతి. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున మాదార చెన్నయ్య యను మాదిగ భక్తుని కథ చెప్పినాడు. అందు శివుడు రాజుగారి నైవేద్యము కంటె చెన్నయ్య యింటి యంబలి నెక్కువ ప్రీతితో నారగించెను. కథను వినినవారు కన్నీరు కార్చిరి. కాని విన్నవారి యూళ్లలో మాదిగవాడ యెప్పటివలెనే యూరికి వెలుపల నుండెను. మద్రాసు రాజధాని యంతటికిని వర్తించు ఆలయప్రవేశ శాసనము 1947లో గాని రాలేదు. పురాణమున దేవుడు మాదిగ యింట భుజించుటకును, ఆ మాదిగ ఆ దేవుని గుడి మెట్లెక్కుటకును నడుమ ఏడు నూర్ల సంవత్సరములు గడచెనన్నమాట. ఏసు బోధకు గూడ ఇట్టి గతియే పట్టుట కవకాశము మెండుగా నుండెను. అట్లు పట్టక దప్పినంతవర కది యేల తప్పెనో తెలిసికొనుటకే ఈ చరిత్రము.

ఏసు నీతిబోధను సిద్ధాంతములనుండి వేరుపరచి చూచుట మన దేశమున రాజా రామమోహన రాయలవారితో ప్రారంభమైనది. ఆయన 1820లో ఏసు బోధలను మాత్రము సువిశేషములనుండి యేర్చి, అద్భుతకార్యముల కథలను విడిచి, శాంతిసౌఖ్యములకు మార్గదర్శకమను పేర నొక గ్రంథము ప్రకటించెను. శ్రీరామపురపు మిషనరీలు మెచ్చుటకు మారుగా కోపించిరి. సిద్ధాంతము లేని నీతి వేరు లేని చెట్టని వారి వాదము. నీతి లేని సిద్ధాంతము ఫలింపని చెట్టని రాయలవారి వాదము. వాదము కలకత్తాలో పుస్తకములమీద జరిగినది. తెలుగుదేశపు పల్లెలలో నా ప్రశ్నయే వేరొక రూపమున, అక్షరము లెరుగని చెప్పులు కుట్టువారి మధ్య, కల్లములలోను దిగుడుబావులయొద్దను తలయెత్తెను.

క్లౌ 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన న్యూయార్కు సంస్థానమున జన్మించెను. బాల్యముననే కుటుంబము పడమటి దిక్కున క్రొత్తగా సాగులోనికి వచ్చుచున్న ఇల్లినాయి, అయోవా ప్రాంతములకు తరలిపోయెను. యౌవనారంభమున నాతడు మిన్నెసోటా బయళ్లలో భూమిని కొలుచు సర్వేదారులతో తిరిగి గొలుసు లాగెను. చలిలోను వానలోను గుడారములలో పండుకొని, మొరటుమనుష్యులచే పని చేయించుట నేర్చెను. ఆనాటి యీ విద్యయే పిదప వేలకొలది ప్రాణములను నిలిపినది. తరువాత న్యాయవాది కావలెనను కోరికతో చదువ నారంభించి, అయోవాలో బర్లింగ్టనునందు బాప్టిస్టు కళాశాలలో నుండగా మతమునందు శ్రద్ధ కుదిరెను. మతబోధకుడైన పిదపగూడ ఆ న్యాయవాదిబుద్ధి వానిని విడువలేదు. అన్యాయము కన్నబడినచోట ప్రార్థనతో సరిపుచ్చక, అర్జీ వ్రాయుట, అధికారిని కలియుట, సాక్ష్యములను కూర్చుట వాని నైజము.

1864 నవంబరు నెలలో భార్య హారియెట్టుతో బోస్టనులో ఓడయెక్కి, మరుసటి సంవత్సరము మద్రాసు చేరెను. వారు విడిచిన దేశమున బానిసత్వమును గూర్చిన అంతర్యుద్ధము కడముట్టుచుండెను. 1865లోనే అమెరికా రాజ్యాంగము బానిసత్వమును తొలగించెను. ఈ దేశమున మనుష్యులను బానిసలుగా కొనుట అమ్ముట న్యాయస్థానములు గుర్తింపరాదని 1843లోనే శాసనమైయుండెను. కాని అమ్మకపు కాగితము లేకయే వంశపారంపర్యముగా నడచు దాస్యమొకటి యుండునని ఆ యువకునకు అప్పటికి తెలియదు.

అమెరికా బాప్టిస్టులకు తెలుగుదేశమున నుండిన మిషను ఆ కాలమున మిక్కిలి దుర్బలము. నెల్లూరులో 1840 మొదలు పని జరుగుచున్నను ఫలము స్వల్పము. దానిని మూసివేయుదమా యని స్వదేశమున పలుమారు చర్చలు జరిగెను. 1854 జనవరి ఒకటవ తేదీ యుదయమున లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, మరి ముగ్గురు దేశీయ క్రైస్తవులు ఒంగోలులో నొక గుట్టపై ప్రార్థన చేసిరని చెప్పుదురు. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట, 1866లో, క్లౌ ఆ గుట్ట చెంతకే నివాసమునకు వచ్చెను. 1867 జనవరి ఒకటవ తేదీన ఒంగోలు సంఘము స్థాపించబడినప్పు డందు సభ్యు లెనమండుగురు.

ఇచ్చట క్లౌ దొరను కొంచెము విడిచి, యెర్రగుంట్ల పేరయ్యను గూర్చి చెప్పవలసియున్నది. పెక్కుచోట్ల నీ మనుష్యుని పేరు దొరగారి చరిత్రములో నొక చిన్నపంక్తిగా వ్రాసి విడిచిరి. అది న్యాయము కాదు. పేరయ్య ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడు గ్రామమునందలి మాదిగ. తోళ్లవ్యాపారము చేసి నాలుగూళ్లు తిరిగినవాడు. రాజయోగమభ్యసించి, వీరమ్మ యను స్త్రీ గురువువలన నుపదేశము పొంది, తన జాతివారిలో తాను గురువై శిష్యులను కూర్చుకొన్నవాడు. విగ్రహము వ్యర్థమనియు, ఆత్మ యొక్కటియే యనియు, కులము దేహమునకే గాని యాత్మకు లేదనియు చెప్పు యోగుల బోధ పోతులూరి వీరబ్రహ్మముగారి పేర కడప, కర్నూలు సీమలనుండి తూర్పున నెల్లూరు వరకు శూద్రులలోను పంచములలోను వ్యాపించియుండెను. వీరబ్రహ్మముగారి శిష్యులలో కక్కయ్య యను మాదిగ యుండెనను కథ నేటికిని కందిమల్లాయపల్లె సీమలో వినబడుచున్నది. కాబట్టి పేరయ్యకు ఏసుమాట చేరునప్పటి కాతని మనస్సు దున్నిన పొలము. తోళ్లబేరమునకై యుత్తరపు సీమకు పోయినప్పుడు అచ్చటి క్రైస్తవబోధ నాతడు వినెను. ఒంగోలుకు దొర రానున్నాడని తెలిసి వెదకుకొని వచ్చెను. 1866లో భార్య నాగమ్మతో బాప్తిస్మము పొందెను. మరుసటి జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు పోగా, పేరయ్య మాట విని కూడియున్నవారిలో ఇరువదియెనమండుగురు బాప్తిస్మము పొందిరి. వానకు పదును జేసినవాడు పేరయ్య. విత్తనములబుట్ట చేతబట్టుకొని వచ్చినవాడు క్లౌ.

ఒంగోలులో నీలోపల వేరొక సంగతి జరుగుచుండెను. దొరగారి యింగ్లీషు పాఠశాలకు బ్రాహ్మణులు పిల్లలను పంపుచుండిరి. పెద్దకులములవారు కొందరు వచ్చి మతవిషయములు ప్రసంగించుచుండిరి. మిషనరీలలో నప్పటి పెద్దల యభిప్రాయ మేమనగా, పైకులములవారు మొదట వచ్చినచో క్రిందివారు తామే వత్తురని. ఇంతలో మాదిగ లధికముగా వచ్చి చేరుచున్నారను వార్త పట్టణమున పొక్కెను. మాదిగలను చేర్చుకొన్న యెడల మేము రాము, మా పిల్లలను గూడ పంపమని పెద్దకులములవారు స్పష్టముగా తెలియజేసిరి. క్లౌ సంకటమున పడెను. ఒక సాయంకాల మాతడును హారియెట్టమ్మయు వేరువేరు గదులలో నుండి బైబిలు తెరవగా, ఇద్దరికిని కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికలో నొకే భాగము కనబడినదని ఆయనయే పిదప చెప్పియున్నాడు. లోకము నీచముగా నెంచువారినే దేవుడు కోరుకొనునని యందలి తాత్పర్యము. మాదిగలను చేర్చుకొనుటకే నిశ్చయమయ్యెను. పెద్దకులములవారు తమ పిల్లలను తీసికొని పోయిరి.

గ్రంథము తెరచి సంశయము తీర్చుకొను పద్ధతి మాకు రుచింపదు. అట్లు తెరచినపు డెదురుగా కనబడగల భాగము లితరములును పెక్కు కలవు. కాని యా నిర్ణయమును కాగితపు యాదృచ్ఛికమునకు కట్టిపెట్టనేల? ఏసు సుంకరులతోను నింద్యులతోను కూర్చుండి భుజించెను. దానికే పెద్దలు వానిపై నేరము మోపిరి. పంక్తిభోజన మన నేమో యెరిగిన మన దేశీయులకు ఈ కథలోని పదును తెల్లదొరలకంటె నెక్కువగా తెలియవలెను. ఎవరితో కూర్చుండవలెనను ప్రశ్న మతప్రశ్నవలె కనబడును గాని, బావి యెవరిది, బజారు యెవరిది, న్యాయస్థలమున గడప లోపల నిలుచువా డెవడు అను ప్రశ్నలన్నియు దానిని వెంబడించి వచ్చును. పాఠశాలను నిలుపుకొనుటకై మాదిగలను వెలుపల నిలిపియుండిన యెడల క్లౌ పేరు నేడు ఎవరికిని జ్ఞాపకముండదు.

మతము పుచ్చుకొనువారికి క్లౌ విధించిన నియమములు సులభములు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. దూరదేశమునుండి వచ్చిన బోధకు డిట్టి నియమములు పెట్టుట విశేషమేమియు కాదు. ఇవి పల్లెలో నెచ్చట తగులునో ఆయనకు మొదట తెలిసియుండినట్లు మాకు తోపదు.

పల్లెలో మాదిగ స్థితి యెట్టిదో తెలిసినగాని యిది బోధపడదు. ప్రతి మాదిగకుటుంబమును కొన్ని రైతుకుటుంబములకు కట్టుబడియుండును. చెప్పులు, ఎద్దులకు వారులు, కపిలెలకు తోలుబానలు వారు చేయవలెను. మెట్టసీమలో కపిలె లేనిదే బావినీరు చేనికి పారదు. తోలుబాన లేనిదే కపిలె లేదు. ఇదిగాక కోతలయందు పని, కబురు మోయుట, అధికారులు వచ్చినపుడు వెట్టి. జాతరలయందు డప్పు కొట్టుట, చావులకు డప్పు కొట్టుట. దీనికి ప్రతిఫలముగా కల్లములో మేర యను పేర కొంత ధాన్యమును, చచ్చిన పశువును వానివి. తోలు పనికివచ్చును, మాంసము తిండి. ఊరు పిలిచినప్పుడు రాననుటకు వానికి దినము లేదు, గంట లేదు.

ఇప్పుడా నియమములను మరల చూడుడు. ఏడు దినములలో నొక దినము పని చేయననువాడు, తన కాలములో నొక భాగము తనదని చెప్పుచున్నాడు. కోతకాలమున నాదివారము వచ్చి, మాదిగవాడ యంతయు నొక్కమారుగా రాననినచో, అది రైతుకు ప్రార్థనగా కనబడదు, పని నిలుపుటగా కనబడును. ఆ సీమలలో కూలివారందరు నొక్కటై పని మానిన మొదటి దినములు ఈ యాదివారములే యని మేము తలంతుము. విశ్రాంతిదినము మనుష్యునికొరకే గాని మనుష్యుడు విశ్రాంతిదినముకొరకు కాదను భావమును ఏసు బోధించెను. యూదయలో నది యాచారవాదులకు వ్యతిరేకముగా పలికినమాట. మార్కాపురము తాలూకాలో నదే విశ్రాంతిదినము రెడ్డి కరణములకు వ్యతిరేకమయ్యెను. విగ్రహము కొలువననువాడు జాతరలో డప్పు కొట్టడు. డప్పు లేని జాతర జాతర కాదు. గ్రామదేవతకు కోపము వచ్చి వానలు కురియనిచో నేరమెవరిది? చచ్చిన పశువు తిననను మాటలో మాత్రము నష్టమంతయు మాదిగదే. కరవుసీమలో మాంసము విడుచుట యన నేమో కడుపునిండినవారు చెప్పజాలరు. ఐనను దానిని వారు విడిచిరి. పశువులకు విషము పెట్టినారను పాతనింద నెదుర్కొనుటకు గూడ అది తోడ్పడెను.

ఊరి పెద్దలు ఊరకుండలేదు. మేర నిలిపిరి. కోమటి యంగడిలో ఉప్పు, మిరప యమ్మవలదనిరి. నీటిరేవు మూసిరి. దొంగతనము మోపి పోలీసులకు పట్టించిరి. క్లౌలోని న్యాయవాది యప్పుడు మేల్కొనెను. ఆయన గుర్రమెక్కి పల్లెకు పోయి, విచారించి, పెద్దలతో మాటలాడి, సామమున తీరనిదానిని కలెక్టరు వరకు కొనిపోవుచుండెను. మాదిగకు కచ్చేరి యరుగు గూడ దూరము. తెల్లవానికి కుర్చీ వేయుదురు. ఆ కుర్చీని క్లౌ తనవారికొరకు వాడుకొనెను. ఇందులోని చిక్కును గూడ చెప్పక తీరదు. ఆ కుర్చీ వేసిన ప్రభుత్వము పరప్రభుత్వము. ఏసు పన్నునాణెమును చేతబట్టి రోమా చక్రవర్తి యధికారమున కొక హద్దు సూచించెను; క్లౌ కట్టి హద్దులను గూర్చి విచారించిన జాడ లేదు. అతనికి దొరతనము న్యాయమునకు తలుపు. మాదిగ కప్పటికి వేరు తలుపు లేదనుటయు నిజమే.

ఆ తలుపు వెనుక నేమున్నదో 1876 మొదలు 1878 వరకు నడచిన గొప్పకరవు చూపెను. తెలుగువారు ధాతకరవని చెప్పుకొనున దిదియే. కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు దీనిచే మిక్కిలి చెడినవి. 1871 లెక్కలలో తొమ్మిది లక్షలకు మించియుండిన కర్నూలు జిల్లా జనులు 1881 నాటికి ఏడు లక్షలకు లోబడిరి. దేశమునుండి ధాన్యపు టెగుమతి ఆగలేదు. 1877లో సర్ రిచర్డు టెంపుల్ ఖర్చు తగ్గించుటకై సహాయపనులలో పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యమును, కొలది రొక్కమును చాలునని నిర్ణయింపగా, మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు ఆ తిండితో పని చేయువాడు బ్రదుకజాలడని వాదించెను. వాదము సాగుచుండగా జనులు చచ్చుచుండిరి. కూలి మరల పెంచుటకు నెలలు పట్టినవి.

అప్పుడు సముద్రతీరమున బకింగుహాము కాలువ త్రవ్వించుచుండిరి. సహాయపనులకు పోయిన మాదిగలు రెండుపాట్లు పడుచుండిరి. దూరము నడచి పోయినవారిని మేస్త్రీలు కొట్టుచు, కొలతలలో మోసగించుచు, కూలిలో సగము మ్రింగుచుండిరి. చాలమంది పని చేయుటకంటె ఇంటికడ చచ్చుట మేలని తిరిగి వచ్చుచుండిరి. మిన్నెసోటాలో గొలుసు లాగిన చేతి కిప్పుడు పని దొరకెను. క్లౌ ఆ కాలువలో మూడు నాలుగు మైళ్ల పొడవుగల భాగమును స్వయముగా కంట్రాక్టు తీసికొనెను. రాజుపాలెము కడ తాటాకుపాకల పాళెము వేయించి, బావులు త్రవ్వించి, తన యుపదేశకులను మేస్త్రీలుగా నియమించెను. ఒక్కొక్క యుపదేశకుని క్రింద సుమారు నూరుగురు. మట్టి కొలత సరిగా వేయుట, కూలి కాలమునకు చెల్లించుట, కొట్టకుండుట, ఆదివారము పని నిలుపుట: ఇంతకు మించి యందు రహస్యమేమియు లేదు. క్రైస్తవులు, హిందువులు అను భేదము లేక వచ్చినవారి కందరకు పని యిచ్చిరి. ఆ పాళెమును వెదకుకొని పడమటి తాలూకాలనుండి, నల్లమల యంచు పల్లెలనుండి గూడ జనులు వచ్చిరి. మధ్యాహ్నము పని యాపి కూర్చుండినపుడు మేస్త్రీయే యుపదేశకుడై కథ చెప్పుచుండెను. ద్రాక్షతోటలో నాలస్యముగా వచ్చిన కూలివానికిని నిండుకూలి యిచ్చిన యజమానుని కథ ఆ కాలువగట్టుమీద నెట్లు వినబడియుండునో యోజింపుడు.

క్లౌ చరిత్రమున మా కన్నిటికంటె గౌరవనీయముగా తోచు విషయము తరువాతిది. కరవు నడచిన పదునైదు నెలల కాలమున, వేలమంది మతము పుచ్చుకొందుమని వేడుకొనుచుండగా, ఆయన బాప్తిస్మము నిలిపివేసెను. గంజికొరకు వచ్చినవాడు గంజి పుచ్చుకొని పోవలెను. గంజిని మతమునకు ఎర చేయరాదు. ఈ నిగ్రహమును స్వదేశపు మిత్రులలో నెందరు మెచ్చియుందురో సందేహమే. ధనమంపినవారు లెక్కలు కోరుదురు. 1878 వేసవిలో కరవు తగ్గి, సహాయపు సొమ్ము ముగిసి, ఇక నిచ్చుట కేమియు లేదని తెలియజేసిన పిదపగూడ జనులు విడువలేదు. గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికడ వారు గుంపులుగా కూడిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది బాప్తిస్మము పొందిరి. దేశీయ యుపదేశకు లార్గురు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు నేటిలో నిలిచి యీ కార్యము జరపిరి. దొర యొడ్డుననే యుండెను. సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘమున సభ్యులు పండ్రెండు వేలు మించిరి. పిదప కొలది సంవత్సరములలో నది లోకమునందలి బాప్టిస్టు సంఘములలో నెల్ల పెద్దదని పేరుపొందెను.

వీరందరు బియ్యపు క్రైస్తవులని యాక్షేపించినవారు మిషనరీలలోనే కొందరుండిరి. మనవారిలో నిప్పటికిని కలరు. ప్రాణము నిలిపినవాని దేవుని యందు నమ్మిక కలుగుట యంత నింద్యమా? ఏసు వెంట నడచిన జనము గూడ రొట్టెలు తిన్న జనమే. అన్నము, గౌరవము, దేవుడు వేరువేరు గదులలో నుందురనుట పొట్ట నిండినవారి వేదాంతము. ఐనను, అంత వేగముగా వచ్చిన వేలమందికి బోధ యెంతవరకు తలకెక్కెనను ప్రశ్న తోసివేయదగినది కాదు. రామపట్టణమున 1872 మొదలు నడచిన యుపదేశక పాఠశాలయు, పల్లెబడులును ఈ లోపమును తీర్చుటకు చాల శ్రమించెను. కంభములో 1882లోను, మార్కాపురములో 1895లోను వేరు మిషను స్థానము లేర్పడినవి.

క్లౌ పద్ధతిలో మరియొక విశేషము కలదు. మతము పుచ్చుకొన్నవారిని ఆయన మిషను ఆవరణములోనికి తెచ్చి కాపురములు పెట్టలేదు. తమ పల్లెలోనే, తమ వృత్తిలోనే, తమ పెద్దల క్రిందనే యుండుడనెను. తోలుపని మానుమని చెప్పలేదు. గురువునకు శిష్యులు కానుక లిచ్చు పూర్వాచారము ననుసరించియే యుపదేశకుని పోషణ మేర్పరచెను. ఇందువలన సంఘము పరాయిధనముమీద వ్రేలాడక పల్లెలో వేరూనెను. దోషమును గూడ చెప్పవలెను. పల్లెలోనే యుండుట యనగా భూమి లేకయే యుండుట. కల్లపు మేర మరల నిచ్చినంతనే రాజీ కుదిరినట్లు భావించిన సందర్భములు పెక్కులు. భూమి యెవరిదను ప్రశ్నను క్లౌ ముట్టలేదు. ఇంకొకటి: ఒంగోలు బాప్టిస్టు సంఘము మాదిగలతో నిండెను, 1822 మొదలు కడపలో పనిచేసిన లండను మిషను సంఘములలో మాల లెక్కువ. రెడ్డి ముందు దూరముగా నిలుచు ఇరువురును ఒకరిముందొకరు కులము పాటించుట మానలేదు. పంక్తిని విరువ వచ్చిన బోధ తనలో రెండుపంక్తులను సహించెను. దొర దీనిని చూడలేదనరాదు. చూచి, జనసంఖ్యతో సంతోషించెనని యనవచ్చును.

1890 డిసెంబరు 28వ తేదీన మరల నొక్కదినమున 1,671 మంది బాప్తిస్మము పొందిరి. 1893లో హారియెట్టమ్మ మరణించెను. మరుసటియేడు క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్ అను విదుషిని పెండ్లియాడెను. ఈమె 1882లో మద్రాసునకు మిషను పనికి వచ్చినది. స్త్రీస్వాతంత్ర్యవాదిని మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టును గూర్చి పరిశోధించి, 1898లో గ్రంథము ప్రకటించినది. స్త్రీల హక్కులను గూర్చి వ్రాసిన కలముతోనే, ఆమె ఒంగోలు సీమలో మాదిగల నోటినుండి వారి గురువుల కథలు, వారి దేవతల కథలు, వారి పూర్వచరిత్రము వినివిని వ్రాసికొని, 1899లో చెప్పులు కుట్టువారి కథలను పేర పుస్తకము వెలువరించెను. పేరయ్య, వీరమ్మ మొదలగువారి పేర్లు నేడు మనకు తెలిసియున్నవనిన అది ఈమె పుణ్యమే. కరణాల కైఫీయతులలో వారికి చోటు లేదు.

ఎమ్మాగారి సోదరుడు వాల్టరు రౌషెన్‌బుష్. ఆయన న్యూయార్కు నగరమున కూలివారు, పేదలు నివసించు పేటలో బోధకుడుగా పదియేండ్లకు పైగా నుండి, చిన్నబిడ్డల శవపేటికలను చూచిచూచి, ఆత్మరక్షణమును మాత్రము బోధించు మతము చాలదని తెలిసికొనినవాడు. 1907లో క్రైస్తవమతమును సాంఘికసంకటమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమున దేవుని రాజ్యమన్నది చచ్చినపిదప పోవు లోకము కాదనియు, కూలి, ఇల్లు, న్యాయము, అధికారము అను వీనిలో నెలకొనవలసినదనియు చెప్పెను. మార్టిన్ లూథర్ కింగు తన యౌవనమున ఆ గ్రంథమువలన గాఢముగా ప్రేరణ పొందెనని 1958లో తానే వ్రాసికొనియున్నాడు. బావమరదులిద్దరు నొకరివలన నొకరెంత నేర్చిరో నిర్ణయించుట మా పని కాదు. వాల్టరు గ్రంథములు చదివి, యోచించి కనుగొన్నదానిని, క్లౌ పల్లెలలో తగవులు తీర్చుచు, కాలువమట్టి కొలుచుచు, తానేమి చేయుచున్నాడో పూర్తిగా తెలియకయే చేసెను. నియమములు పెట్టినవా డాయన. వాని యర్థమును బయటికి తీసినవారు, డప్పు క్రింద పెట్టి మేర పోగొట్టుకొన్న మాదిగలు.

క్లౌ నాలుగు దశాబ్దములకు పైగా తెలుగువారి సేవలో గడపి, వార్ధకమున స్వదేశమునకు పోయి, 1910 నవంబరులో న్యూయార్కు సంస్థానమునందలి రోచెస్టరు నగరమున మరణించెను. ఒంగోలులో నాతని పేర నొక వైద్యశాల వెలసెను. అంత్యకాలమున నాయన చెప్పగా ఎమ్మాగారు వ్రాసియుంచిన యాత్మచరిత్రము నాలుగేండ్లకు, 1914లో, ప్రాచ్యదేశమునందు సాంఘిక క్రైస్తవము అను పేర నచ్చయ్యెను. మతము మార్చినవారి లెక్కలతో నింపదగిన యా గ్రంథమునకు సాంఘికమను విశేషణమును ముందు పెట్టిరి. తాను వచ్చిన యువకుడుగా నీ దేశమున కేమి తెచ్చితిననునది గాక, మాదిగల పల్లెకట్టుబాటును చూచి తానేమి నేర్చితిననునది అందు పెక్కు పుటలలో చెప్పియున్నాడు. పేరయ్యను శిష్యుడుగా గాక గురువుగా నందు చిత్రించియున్నాడు.